నీటికి స్కేలు తెలియదు: నమూనా ఆవిరి ఇంజనుకు చిన్న భాగాలు చేయడం గురించి

(కాజీపేటలో టర్నర్లు, ఫిట్టర్లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, తోటి పనివారికి, ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. ఇంజను తీసుకురాలేదేమని ఇందాక గుమ్మంలోనే ఒకరు అడిగారు. కావాలనే తీసుకురాలేదు. ఇంజను ఎదురుగా ఉంటే అందరి కళ్ళూ చక్రాల మీదే ఉంటాయి, నా మాట ఎవరికీ వినపడదు. ఈ బల్ల మీద ఉన్నవి మూడు స్టీలు పళ్ళేలు, వాటిలో కొన్ని చిన్న ముక్కలు. వెనక వరుసలో కూర్చున్నవారికి ఇవి శనగపప్పు గింజల్లా కనపడుతుండవచ్చు. ఈ గింజల గురించే నేను మాట్లాడబోతున్నాను.

మా బాపు ఇక్కడి స్టీం షెడ్డులో ఫిట్టరుగా పనిచేశాడు. 1929లో బల్లార్షా లైను పూర్తయి మద్రాసు, ఢిల్లీ మార్గం ఈ ఊరి మీదుగా కలిసిన తరువాత కాజీపేటకు రైలు ఒక్కటే లోకమైపోయింది. మా ఇంట్లోనూ అంతే. నేను రైల్వేలో చేరలేదు. టర్నరు ట్రేడు నేర్చుకుని వరంగల్ ఆటోనగర్‌లో లేతు పెట్టుకున్నాను. పగలు ట్రాక్టరు బుష్షులు, బోరు మోటారు షాఫ్టులు. రాత్రి షట్టరు సగం దించి ఈ ఇంజను. పదకొండేళ్ళు పట్టింది. అందులో ఫ్రేము, చక్రాలు, సిలిండర్లు నాలుగేళ్ళలో అయిపోయాయి. మిగిలిన ఏడేళ్ళూ ఈ మూడు పళ్ళేలలో ఉన్నాయి. నమ్ముతారా? నా భార్య మాత్రం నమ్ముతుంది, ఎందుకంటే ఆ ఏడేళ్ళూ నేను రాత్రి భోజనానికి ఎన్ని గంటలకు వచ్చానో ఆమెకే తెలుసు.

నేను చేసినది డబ్ల్యూజీ. 1950లో మన పట్టాల మీదికి వచ్చిన గూడ్సు ఇంజను. ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనక రెండు చక్రాలు. స్కేలు పన్నెండో వంతు. అసలు ఇంజను మీద 12 అంగుళాలు ఉన్నది నా దగ్గర ఒక అంగుళం అవుతుంది. మన బ్రాడ్‌గేజీ 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 66 అంగుళాలు. పన్నెండుతో భాగిస్తే సరిగ్గా అయిదున్నర అంగుళాలు, కొస లేకుండా. ఇంగ్లండులో ఈ పని చేసేవారి సాధారణ కొలత 5 అంగుళాల గేజీ. వాళ్ళ పట్టాల మధ్య వెడల్పు 56 అంగుళాలన్నర కనుక పన్నెండో వంతు చేస్తే నాలుగూ ముప్పాతికకు కాస్త తక్కువ వస్తుంది, దాన్ని సర్దుబాటు చేసుకుని 5 అన్నారు. మనకు ఆ సర్దుబాటు అక్కర్లేదు. డబ్ల్యూజీ పెద్ద చక్రం 1562 మిల్లీమీటర్లు, నాది 130. ఇంతవరకు లెక్క చక్కగా నడిచింది. పన్నెండుతో భాగించు, లేతు మీద పెట్టు, కోసేయి. ఇదే లెక్క బాయిలరు ఫిట్టింగుల దగ్గరికి తీసుకువెళ్ళాను, అక్కడ బోల్తాపడ్డాను.

గేజ్ గ్లాసు సంగతి చూడండి. బాయిలర్లో నీరు ఎంత ఉందో చూపించే గాజు గొట్టం అది. డ్రైవరుకు అంతకంటే ముఖ్యమైన వస్తువు క్యాబులో మరొకటి లేదు. నీరు తగ్గి, నిప్పు మండే గది ఫైర్‌బాక్సు పైకప్పు బయటపడితే ఏమవుతుందో ఇక్కడి పాతవారికి నేను చెప్పనక్కర్లేదు. స్కేలు ప్రకారం చేస్తే ఆ గొట్టం లోపలి రంధ్రం ఒక మిల్లీమీటరు ఉంటుంది. చేశాను. ఎంత ముచ్చటగా ఉందో! బాయిలర్లో నీరు పోస్తే గ్లాసు నిండుగా చూపించింది. సగం నీరు తీసేశాను. అప్పుడూ నిండుగానే చూపించింది. ఎందుకు? సన్నని గాజు గొట్టంలో నీరు దానంతట అదే పైకి పాకుతుంది; దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు. ఒక మిల్లీమీటరు రంధ్రంలో చన్నీరు దాదాపు 30 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. నా గ్లాసులో కంటికి కనపడే భాగమే 30 మిల్లీమీటర్లు. అంటే గ్లాసు చెప్పిన అబద్ధం గ్లాసంత పొడుగు ఉంది!

ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. రేకును చిన్నది చేయవచ్చు, చక్రాన్ని చిన్నది చేయవచ్చు, నీటిని మాత్రం చిన్నది చేయలేము. నీటి బొట్టుకు స్కేలు తెలియదు. ఆవిరికి తెలియదు, మసికి తెలియదు, ఇసుక రేణువుకు తెలియదు. కనుక ఇంజను మీది ప్రతి చిన్న భాగం దగ్గర నేను ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇది చూపు సామానా, పని సామానా? క్యాబు మెట్లు, హ్యాండ్‌రెయిలు గుబ్బలు, దీపం, రివెట్ల తలకాయలు చూపు సామాను. వాటికి డ్రాయింగు చెప్పిందే వేదం. గేజ్ గ్లాసు, సేఫ్టీ వాల్వు, నీటిని వెనక్కి రానివ్వని క్లాక్ వాల్వు, బాయిలర్లోకి నీరు తోసే ఇంజెక్టరు పని సామాను. వాటి కొలత నీరూ ఆవిరీ చెప్పాలి. పని సామాను లోపలి దారి నీటికి సరిపోయేంత పెద్దదిగా ఉండాలి, పైకి మాత్రం డ్రాయింగులో ఉన్నంత చిన్నదిగా కనపడాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

గేజ్ గ్లాసుకు చివరికి 6 మిల్లీమీటర్ల గొట్టం వేశాను, లోపల రంధ్రం 4. అందులోనూ చన్నీరు ఏడు మిల్లీమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. వేడెక్కితే కొంత తగ్గుతుంది. అందుకే నేను గీత గీసుకున్న కనీస మట్టం ఆ ఏడు మిల్లీమీటర్లను కలుపుకుని ఉంటుంది. కింది ఫిట్టింగులో నీరు వచ్చే దారి 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే ఒక్క బుడగ అడ్డంపడి గ్లాసు మొద్దుబారిపోతుంది. మా బాపు ఒక మాట అనేవాడు: ‘గ్లాసుల నీళ్ళు కనపడుడు కాదు బిడ్డా, ఆడాలె.’ ఇంజను కదిలినప్పుడు గ్లాసులో నీరు కిందికీ మీదికీ ఊగకపోతే ఆ గ్లాసును నమ్మవద్దని అర్థం. పన్నెండో వంతు ఇంజనుకూ అదే మాట వర్తిస్తుంది.

ఇక లోహం. ఈ మొదటి పళ్ళెంలో ఎర్ర దారం కట్టిన ముక్క ఒకటి ఉంది, తరువాత మీరే చేత్తో పట్టుకుని చూడండి. గన్ మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) అని చెప్పి ఒక దుకాణదారు నాకు అమ్మిన కడ్డీతో చేసినది. అది గన్ మెటల్ కాదు, ఇత్తడి. తప్పు నాది కూడా. ఆకురాయితో ఒక్కసారి గీసి ఉంటే తెలిసిపోయేది. ఇత్తడి పచ్చగా మెరుస్తుంది, గన్ మెటల్ కొంచెం ఎరుపు తిరిగి ఉంటుంది. తొందరలో గీయలేదు. రెండేళ్ళు బాగానే పనిచేసింది. మూడో ఏడు విప్పి చూస్తే లోపలి అంచు గులాబీ రంగు తిరిగి, గోటితో గీస్తే బెల్లంపొడిలా రాలింది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కదా. వేడి నీరు ఏళ్ళ తరబడి తగులుతుంటే తుత్తునాగం కరిగిపోయి, బొరియలు పడిన రాగి మిగులుతుంది. పైకి ముక్క ఉన్నట్టే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. బాయిలరు నీరు తగిలే దేనికీ ఇత్తడి వాడవద్దు. రాగిలో తగరం ప్రధానంగా కలిసిన గన్ మెటల్, లేదా ఫాస్ఫర్ బ్రాంజు వాడండి. దీపాలకు, గుబ్బలకు, నేమ్ ప్లేటుకు ఇత్తడి వాడుకోండి, అక్కడ దానికి మించినది లేదు.

క్లాక్ వాల్వు ఎలా చేస్తానో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది చేయగలిగితే మిగిలిన వాల్వులన్నీ చేయగలరు. క్లాక్ వాల్వు అంటే ఏమిటి? బావి మోటారుకు కింద ఫుట్‌వాల్వు ఉంటుంది, అందరూ చూసినదే. నీటిని ఒకవైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఇదీ అదే. పంపు నుంచి నీరు బాయిలర్లోకి వెళ్ళాలి, బాయిలర్లోని చదరపు అంగుళానికి 90 పౌండ్ల ఒత్తిడి వెనక్కి రాకూడదు. లోపల ఒక స్టెయిన్‌లెస్ గుండు, దాని కింద ఒక రంధ్రం. ఇంతకు మించి ఏమీ లేదు. నా దాంట్లో గుండు 5 మిల్లీమీటర్లు, రంధ్రం 4. సైకిలు దుకాణంలో దొరికే గుండ్లు వేయవద్దు, నెలకే తుప్పుపడతాయి.

రంధ్రాన్ని డ్రిల్లుతో వదిలేయకూడదు. డ్రిల్లు చేసే రంధ్రం గుండ్రంగా ఉన్నట్టు కనపడుతుంది కానీ ఉండదు. మూడు పలకలుగా ఉంటుంది. కొంచెం చిన్న డ్రిల్లు వేసి, రంధ్రాన్ని నునుపుగా సరిచేసే రీమరుతో 4కు తెచ్చి, పై అంచును పదునుగా, బర్రు (అంచున మిగిలే లోహపు పీచు) లేకుండా ఉంచాలి. అప్పుడు ఒక పాత గుండును ఆ అంచు మీద పెట్టి, దాని మీద చిన్న రాగి కడ్డీ నిలబెట్టి, చిన్న సుత్తితో ఒక్కటే దెబ్బ. ఒక్కటే! రెండో దెబ్బ కొట్టాలని చెయ్యి లాగుతుంది, కొట్టవద్దు. మొదటి దెబ్బకు వెంట్రుకవాసి వెడల్పు మెరిసే వలయం పడుతుంది, గుండు అక్కడ కూర్చుంటుంది. రెండో దెబ్బకు వలయం వెడల్పవుతుంది, అప్పుడు ఒత్తిడి చెదిరిపోయి కారుతుంది. ఆ పాత గుండును పక్కన పడేసి కొత్తది వేయాలి, ఎందుకంటే దెబ్బ తిన్న గుండు మీద కంటికి కనపడని నొక్కు ఉంటుంది.

గుండు ఎంత పైకి లేవాలి? దీనికి ఊహలు అక్కర్లేదు. రంధ్రం వైశాల్యం ఎంతో, గుండు లేచినప్పుడు చుట్టూ తెరుచుకునే సందు వైశాల్యం అంత ఉండాలి. లెక్క వేసి చూస్తే వ్యాసంలో నాలుగో వంతు వస్తుంది; 4 మిల్లీమీటర్ల రంధ్రానికి ఒక మిల్లీమీటరు. అంతకంటే ఎక్కువ లేస్తే నీరు ఏమీ ఎక్కువ పోదు, గుండు తిరిగి కూర్చోవడం మాత్రం ఆలస్యమవుతుంది, టక్కుటక్కుమని కొట్టుకుని అంచును పాడుచేస్తుంది. పై మూత అడుగున చిన్న మొటిక ఉంచి ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గర గుండును ఆపుతాను. మొదట్లో నేను చేసిన నాలుగు వాల్వులు కారడానికి కారణం ఇదే. కారణం తెలిసేలోపు వాటి అంచులు ఎన్నిసార్లు నూరానో లెక్కలేదు.

ఇందాక మీలో ఒకరు మరల (స్క్రూ థ్రెడ్ల) గురించి అడిగారు. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టు మర ఒక మిల్లీమీటరు పిచ్, అంటే ఒక చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య దూరం. దాని లోతు మిల్లీమీటరులో ఆరు పదో వంతులకు మించుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న గొట్టం మీద అంత లోతు కోస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే ఈ పనిలో అంగుళానికి 40 థ్రెడ్లు కోస్తారు, పావు అంగుళం కడ్డీ మీద కూడా. లోతు నాలుగు పదో వంతులే. ఆ మరలు కోసే టాపులు, డైలు వరంగల్‌లో అడిగితే దుకాణదారు ముఖం చూడాలి! దొరకనప్పుడు 6 మిల్లీమీటర్ల మీద ముప్పావు పిచ్ వాడాను. నష్టం ఏమీ లేదు. ఒక్కటే జాగ్రత్త, ఇంజను మొత్తానికి ఒకే పద్ధతి పెట్టుకోండి. సగం అంగుళాలు, సగం మిల్లీమీటర్లు పెట్టుకుంటే పదేళ్ళ తరువాత మీ నట్టు మీకే దొరకదు.

చిన్న ముక్కను పట్టుకోవడమే పెద్ద సమస్య. ఒకవైపు తిప్పిన ముక్కను లేతు పట్టు అయిన చక్‌లోంచి తీసి, తిప్పి మళ్ళీ పెడితే అవుట్ వస్తుంది, అంటే కేంద్రం తప్పుతుంది. నేనేం చేస్తానంటే, చక్‌లో ఒక పనికిరాని ఇత్తడి కడ్డీని బిగించి, అక్కడికక్కడే దానికి రంధ్రం వేసి, టాపు కోసి, నా ముక్కను ఆ మరలోకి బిగిస్తాను. కడ్డీని చక్‌లోంచి కదిలించనంత వరకు ఎన్ని ముక్కలు మార్చినా కేంద్రం తప్పదు. పన్నెండు వాల్వు మూతలను ఒకే కడ్డీ మీద ఒకే రాత్రి పూర్తి చేశాను.

సన్నని డ్రిల్లు సంగతి. ఒక మిల్లీమీటరు కంటే తక్కువ డ్రిల్లు విరిగేది బలం ఎక్కువై కాదు, పొట్టు లోపల ఇరుక్కుని. తన వ్యాసమంత దిగగానే బయటికి తీయాలి, తుడవాలి, మళ్ళీ దించాలి. ఓపిక ఉన్నంత సేపు బాగుంటుంది, లేని నిమిషంలో టప్పుమంటుంది. మూడు గంటలు పనిచేసిన గన్ మెటల్ ముక్కలో డ్రిల్లు విరిగితే ఏం చేస్తారు? పారేస్తారా? పారేయకండి. కిరాణా దుకాణంలో పది రూపాయల పటిక కొనండి. గిన్నెలో నీరు పోసి, పటిక చిక్కగా కరిగించి, ముక్కను అందులో వేసి, సన్నని మంట మీద ఉంచండి. పటిక నీరు ఉక్కును తినేస్తుంది, గన్ మెటల్‌ను, ఇత్తడిని ముట్టుకోదు. ఒక పూట, కొన్నిసార్లు రెండు పూటలు పడుతుంది. డ్రిల్లు నల్లని బురదగా మారి బయటికి వస్తుంది. గిన్నె మాత్రం ఇంట్లోది తీసుకోవద్దు, ఇనపది అసలే వద్దు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

ఇంజెక్టరు దగ్గరికి వద్దాం. 1858లో జిఫార్డ్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టాడు. బాయిలరులోని ఆవిరితోనే నీటిని అదే బాయిలర్లోకి, అదే ఒత్తిడికి ఎదురుగా తోయడం. వినడానికి తన భుజం తానెక్కడంలా ఉంటుంది కదా? కిటుకు ఏమిటంటే, ఆవిరి గరాటులా సన్నబడే కోనులోంచి విపరీతమైన వేగంతో దూసుకువచ్చి, చల్లని నీటిని లాక్కుని, అందులోనే తాను నీరై, తన వేగాన్ని దానికి ఇచ్చేస్తుంది. ఆ వేగమే చివరి కోనులో ఒత్తిడిగా మారి క్లాక్ వాల్వును తెరుస్తుంది. కోనులు మూడు: ఆవిరి కోను, కలిపే కోను, పంపే కోను. నా దాంట్లో పంపే కోను గొంతు ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. ఆ మూడింటి వాలూ వేరు, మూడూ ఒకే గీత మీద ఉండాలి.

ఆ వాలుకు రీమర్లు ఎక్కడా అమ్మరు, చేసుకోవాలి. సిల్వర్ స్టీలు (పేరుకే వెండి, అది ఉక్కు) కడ్డీని ఆ వాలుకు తిప్పి, మెరుగుపెట్టి, సరిగ్గా సగం మందం వరకు ఆకురాయితో చదును చేయాలి; సగానికి వెంట్రుకవాసి ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. కుంకుమ ఎరుపు వచ్చేదాకా కాల్చి నీటిలో నిలువుగా ముంచాలి. అడ్డంగా ముంచితే వంగుతుంది. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది కనుక, చదునును మళ్ళీ తెల్లగా రుద్ది, వెనకనుంచి మెల్లగా వేడిచేస్తూ చూడాలి. ఎండుగడ్డి రంగు మొన దాకా రాగానే ముంచేయాలి. రంగు నీలం తిరిగిందా, మొదటినుంచి మొదలుపెట్టండి. నేను ఎనిమిది ఇంజెక్టర్లు చేశాను. పనిచేసినవి రెండు. మొదటి ఆరింటిలో లోపం ఏమిటో అయిదు నెలలు తెలియలేదు. కలిపే కోను లోపల కంటికి ఆనని బర్రు ఒకటి. భూతద్దంలో కూడా కనపడలేదు, అగ్గిపుల్లను దింపి తిప్పితే పీచు తగులుకుంది.

పనిచేసిన ఇంజెక్టరు కూడా మే నెలలో మొరాయించింది. మళ్ళీ విప్పాను, కడిగాను, బిగించాను. లోపం దానిలో లేదు, మన ఎండలో ఉంది. ఇంజను వెనక నీరు మోసే టెండరులోని నీరు ఎండకు వేడెక్కి, ఆవిరిని నీరుగా మార్చే శక్తి కోల్పోయింది. చేత్తో ముట్టుకుంటే వేడి తెలిసే నీటిని చిన్న ఇంజెక్టరు తీసుకోదు. ఇప్పుడు టెండరు మీద తడి గోనెపట్టా కప్పుతాను, నీటిలో కుండ నీరు కలుపుతాను. అందుకే ఒకే సాధనాన్ని నమ్ముకోకుండా ఇరుసుతో నడిచే పంపు ఒకటి, చేతి పంపు ఒకటి కూడా పెట్టాను.

అతుకుల విషయంలో నా గురువు ఒక కంసాలి. కరీంనగర్ వెండి తీగపని చేసిన చెయ్యి అది. వెండి టంకాన్ని నేను మంటతో కరిగించేవాణ్ణి. అది ముత్యంలా గుండ్రబడి దొర్లిపోయేది. ఆయన నవ్వి, ‘టంకాన్ని కాదు, పనిని కాల్చు’ అన్నాడు. వెలిగారం పూసి, మొత్తం ముక్కను ఎర్రబరిస్తే టంకం దానంతట అదే వేడి ఉన్న చోటికి పరుగెత్తుతుంది. సందు మరీ బిగువుగా ఉన్నా పారదు, మరీ వదులుగా ఉన్నా నిలవదు. పలుచని కాగితం దూరేంత ఉండాలి. కాడ్మియం కలిసిన టంకం కొనకండి, దాని పొగ ఊపిరితిత్తులకు విషం. అతికిన బాయిలరును పనిచేసే ఒత్తిడికి రెట్టింపు నీటి ఒత్తిడితో పరీక్షించాలి. నాది 90 కనుక 180. నీటితోనే ఎందుకు? నీరు నొక్కుకుపోదు కనుక, అతుకు విడితే చుక్క కారుతుంది, అంతే. గాలితో పరీక్షిస్తే పేలుతుంది.

బాయిలరు మీది గుమ్మటం, అంటే ఆవిరి డోము, దాని మూతను మాత్రం నేను చేయలేకపోయాను. దిమ్మెను లేతు మీద తిప్పి చూశాను. దాని అంచు బాయిలరు వంపు మీద చీర కుచ్చెళ్ళలా పలుచగా పరుచుకోవాలి, లేతుకు ఆ వంపు రాదు. చివరికి ఇత్తడి రేకుపనికి పేరున్న పెంబర్తి వెళ్ళాను. అక్కడి పనివాడు రేకును ఎర్రగా కాల్చి నీటిలో ముంచి మెత్తబరిచాడు. ఉక్కును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి, ఇత్తడి మెత్తబడతాయి. కొట్టేకొద్దీ రేకు బిగుసుకుంటుంది, మళ్ళీ కాల్చాలి. అలా నాలుగుసార్లు. గిన్నె ఆకారం వచ్చాక లోపల లక్క నింపి, బయటినుంచి అంచును ఒత్తుకుంటూ వచ్చాడు. కొలత తీసుకోలేదు, నేను తీసుకువెళ్ళిన బాయిలరు గొట్టం మీద మధ్యమధ్య పెట్టి చూసుకున్నాడు, అంతే. నా వెర్నియరు జేబులోనే ఉండిపోయింది.

విజిలు గురించి ఒక్క మాట. గొట్టం పొడుగును బట్టి స్వరం. పన్నెండో వంతు విజిలు కోడిపిల్లలా కీచుమంటుంది. అసలు గొంతుకు దగ్గరగా కావాలంటే పొడుగాటి గొట్టం చేసి ఫుట్‌ప్లేటు కింద దాచాలి, పైన బొమ్మ విజిలు పెట్టాలి. నేనూ అదే చేశాను. హ్యాండ్‌రెయిలు గుబ్బలు, రివెట్లు మీరే చూసి నేర్చుకుంటారు. వాటికి కావలసింది తెలివి కాదు, ఆదివారాలు.

ఇప్పుడు పళ్ళేలు మీ మధ్యకు పంపుతున్నాను. మొదటి దాంట్లో పన్నెండు క్లాక్ వాల్వులు, ఎర్ర దారం కట్టినది ఒకటి. రెండో దాంట్లో పనిచేయని ఆరు ఇంజెక్టర్లు కోసి పెట్టాను, లోపలి దారి కనపడుతుంది. అగ్గిపుల్లలు కూడా ఉన్నాయి, తిప్పి చూడండి. మూడో దాంట్లో విడి కోనులు తొమ్మిది. తొమ్మిదీ తిరిగి వచ్చేదాకా ఫ్యాన్లు వేయకండి, నేల ఊడవకండి. గత ఏడు మరోచోట ఇలాగే పంపితే ఎనిమిదే వచ్చాయి. తొమ్మిదోది ఎవరి చెప్పు అడుగున ఇరుక్కుని వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు.